టీచరే ఏడిపిస్తుంటే ఏం చేయాలి?

తోటి పిల్లలు ఏడిపిస్తే ఏం చేయాలో అందరికీ తెలుసు, టీచర్‌కి చెప్పాలి. ఏడిపించేదే టీచర్ అయితే ఆ దారి మూసుకుపోతుంది. మార్కులు వేసేది ఆయనే, కాండక్ట్ రాసేది ఆయనే, పేరెంట్స్ మీటింగ్‌లో మీ ఎదురుగా నవ్వుతూ కూర్చునేదీ ఆయనే. పెద్దవాళ్లంతా ఆయన మాటే నమ్ముతారని పిల్లలకు ముందే తెలుసు కాబట్టి నెలల తరబడి నోరు విప్పరు. దానికి తోడు టీచర్ ఒక్కసారి "మొద్దు" అని పేరు పెడితే చాలు, ఇంటర్వెల్‌లో క్లాసంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. పెద్దాయనే అన్నాక వాళ్లకు అడ్డేముంది?

ఇది ప్రధానంగా తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. చివర్లో పిల్లల కోసం కూడా కొంత ఉంది. అన్ని మెట్లలోనూ ఒక్క విషయం మాత్రం వదలకండి: పిల్లలకు తెలియకుండా ఏ అడుగూ వేయొద్దు. వాళ్లు మన దగ్గర దాచడానికి కారణం టీచర్ అంటే భయం ఒక్కటే కాదు. మనం ఆవేశంగా వెళ్లి నాలుగు మాటలని వచ్చేస్తాం. మర్నాడు అదే క్లాసులో, అదే బెంచీ మీద కూర్చోవాల్సింది వాళ్లు.

ముందుగా, ఆగకూడని సందర్భాలు

కింద చెప్పిన మెట్లన్నీ నిదానంగా ఎక్కేవి. కొన్నిటికి అంత టైమ్ లేదు. కొట్టడం వల్ల గాయమో వాపో కనిపిస్తుంటే, తాకకూడని చోట తాకితే, అసభ్యంగా మాట్లాడినా మెసేజ్‌లు పెట్టినా, పిల్లలు "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట అన్నా అదే రోజు కదలాలి. గాయమైతే డాక్టర్‌కి చూపించి, ఎలా తగిలిందో చీటీలో రాయించండి. లైంగిక వేధింపైతే నేరుగా పోలీసులకో పిల్లల హెల్ప్‌లైన్‌కో చెప్పండి, ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకకుండా పక్కన పెట్టండి. "బయటికి పొక్కితే మీ అమ్మాయికే చెడ్డపేరు, లోపల తేల్చుకుందాం" అని స్కూల్ వాళ్లు అంటే ఒప్పుకోకండి. చావు మాట ఎత్తిన పిల్లల్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టీచర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

1. కఠినమా, వేధింపా?

గట్టిగా మాట్లాడే టీచర్లంతా వేధించేవాళ్లు కారు. హోంవర్క్ చేయలేదని కోప్పడటం, తప్పు లెక్కను మళ్లీ చేయించడం, అల్లరి చేస్తే సీటు మార్చడం వేధింపు కిందికి రావు. తేడా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ రూల్ అందరికీ ఒకటేనా, మీ పిల్లకేనా? మాట చేసిన పని గురించా, మనిషి గురించా? తప్పు దిద్దుకున్నాక ఆగుతోందా?

మూడో ప్రశ్న దగ్గర అసలు రంగు బయటపడుతుంది. కఠినమైన టీచర్‌కి పని సరిగ్గా అయితే చాలు, మర్నాటికి మర్చిపోతారు. వేధించే టీచర్‌కి పనితో పనిలేదు. హోంవర్క్ చేయకపోతే "నీకు బుర్ర లేదు" అంటారు, చేస్తే "ఎవరి దగ్గర కాపీ కొట్టావ్?" అంటారు.

అరుపులు, దెబ్బలే వేధింపు అనుకుంటే చాలా తప్పిపోతాయి. చెయ్యెత్తినా వారాల తరబడి ఆ పిల్లని అడగకపోవడం, అందరి నోట్సులు దిద్ది ఒక్కటి పక్కకు తోసేయడం, బాత్రూమ్‌కి పంపకపోవడం, మార్కులు గట్టిగా చదివి ప్రతిసారీ ఓ వెటకారం తగిలించడం, "వీడితో తిరిగితే మీరూ ఇలాగే అవుతారు" అని మిగతావాళ్లను దూరం చేయడం, ఒకరు చేసిన తప్పుకి క్లాసంతటినీ నిలబెట్టి పిల్లల కోపం వాడి మీదకు మళ్లించడం ఇవన్నీ వేధింపే. నత్తిని అనుకరించడం, రంగు, బరువు, కులం, మతం, తల్లిదండ్రుల పని ఎత్తి మాట్లాడటం జోక్ పేరుతో జరిగినా అంతే. "సరదాకి అన్నాను" అంటే, ఆ సరదాకి నవ్వింది ఎవరో, తల దించుకున్నది ఎవరో చూడండి.

2. పిల్లల చేత చెప్పించడం

నేరుగా చెప్పే పిల్లలు తక్కువ. ముందు ఒంట్లో కనిపిస్తుంది. పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి, సెలవు రోజు మాయం. ఉన్నట్టుండి ఒక సబ్జెక్ట్ మీద విరక్తి. చిన్నపిల్లలైతే మళ్లీ పక్క తడపడం, ఆటల్లో బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తిట్టడం. నాకు బాగా పనిచేస్తుందనిపించే పద్ధతి ఒకటుంది. నొప్పి అన్న రోజుల్ని ఒక కాగితం మీద రాసుకుని టైమ్‌టేబుల్‌తో పోల్చండి. మంగళ, గురువారాల్లోనే కడుపునొప్పి వస్తుంటే, ఆ రెండు రోజుల్లో మాత్రమే ఉండే పీరియడ్ ఏదో చూడండి. కడుపునొప్పికి మందు వేయడం మాత్రం మానొద్దు. ఆ నొప్పి నిజమే.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది, చెప్పు" అంటే విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో అడిగితే మాట సులువుగా వస్తుంది. ఇలా:

"ఈ మధ్య సైన్స్ పీరియడ్ అంటే నీకు టెన్షన్‌గా ఉన్నట్టుంది కదరా."

"ఏం లేదమ్మా."

"సరే. నిన్న ఆ పీరియడ్‌లో ఎక్కడ కూర్చున్నావ్?"

"వెనక. నేలమీద."

"ఓహో. అందరూనా?"

"కాదు. నేనే."

ఇక్కడ మనకు గుండె మండిపోతుంది. అయినా "ఎవడాయన? రేపే వస్తాను" అనకండి. "నువ్వేం చేశావ్ అసలు?" అని అంతకన్నా అనకండి, ఆ ఒక్క ప్రశ్నతో మాట ఆగిపోతుంది. "తర్వాత ఏం జరిగింది?", "అప్పుడు ఆయన ఏమన్నారు?", "నీకెలా అనిపించింది?" ఈ మూడే తిప్పి తిప్పి అడగండి. "కొట్టారా? కర్రతోనా? ఎన్నిసార్లు?" అని జవాబులు మనమే అందిస్తే, చిన్నపిల్లలు మనల్ని సంతోషపెట్టడానికి అవుననేస్తారు. తర్వాత ఎంక్వైరీలో అదే వాళ్ల మాటకు విలువ లేకుండా చేస్తుంది.

అంతా విన్నాక రెండు మాటలు చెప్పాలి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను." "నీకు చెప్పకుండా స్కూల్‌కి వెళ్లను." ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. రేపు చెప్పాల్సి వస్తే ఇంట్లో ఉన్న ఒక్క నమ్మకమూ పోతుంది.

3. రాసి పెట్టండి

ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. "ఎప్పుడూ తిడుతూనే ఉంటారు" అన్న మాటను ఏ హెడ్‌మాస్టరైనా తేలిగ్గా కొట్టేస్తారు. ఎప్పుడు, ఏ పీరియడ్‌లో, సరిగ్గా ఏ మాట, ఎవరెవరు విన్నారు అని ఉంటే కొట్టేయడం కష్టం. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, విన్న రోజునే రాయండి. ఎంట్రీ ఇలా ఉండాలి:

"మంగళవారం, నాలుగో పీరియడ్, సైన్స్. హోంవర్క్ చూపించింది. సార్ పుస్తకం తెరవకుండానే 'నీ మొహానికి ఇది నువ్వే చేశావా?' అన్నారు. క్లాసు నవ్వింది. నేలమీద కూర్చోమన్నారు. పీరియడ్ అయ్యేదాకా అక్కడే ఉంది. పక్క బెంచీలో ఇద్దరు స్నేహితురాళ్లు చూశారు. ఇంటికి రాగానే అన్నం తినలేదు, రాత్రి పదకొండు దాటినా నిద్రపోలేదు."

ఇందులో "రాక్షసుడిలా ప్రవర్తించారు" లాంటి మాట ఒక్కటీ లేదని గమనించండి. అన్న మాటను అన్నట్టే రాయండి, అది బూతైనా సరే. మీ అభిప్రాయం పక్కన పెట్టండి. పిల్ల తప్పు ఉంటే అదీ రాయండి. "ఆ రోజు హోంవర్క్ సగమే చేసింది" అని మీరే రాసుకుంటే, రేపు స్కూల్ ఆ విషయం బయటపెట్టినప్పుడు మీరు తడబడరు.

పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసిన అవమానకరమైన మాటలు, క్లాస్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లు ఫొటో తీసి, స్క్రీన్‌షాట్ తీసి, ఇంకోచోట కూడా దాచండి. పాత పరీక్ష పేపర్లు, ప్రోగ్రెస్ కార్డులు పారేయకండి. వేధింపు మొదలైన దగ్గర్నుంచి ఒక్క సబ్జెక్ట్‌లోనే మార్కులు పడిపోతే అది అంకెల్లో కనిపిస్తుంది. పిల్ల జేబులో ఫోన్ పెట్టి రహస్యంగా రికార్డ్ చేయించే ఆలోచన చాలామందికి వస్తుంది. నేనైతే వద్దంటాను. దొరికితే ఫోన్ తెచ్చినందుకు శిక్ష పిల్లకే పడుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. అలాంటి రికార్డింగ్ కొన్ని చోట్ల చట్టవిరుద్ధం కూడా.

క్లాసులో మిగతా పిల్లల్ని మీరే పిలిచి ప్రశ్నలు వేయకండి. వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడండి. "మీ వాడు ఏమైనా అన్నాడా?" అని ఒక్క మాట కదిపితే, మీలాగే ఇంకో ఇద్దరు మౌనంగా బాధపడుతున్నారని తెలియవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే స్కూల్ వినే తీరే మారిపోతుంది. గుంపుగా ముప్పై మంది గేటు దగ్గర పోగైతే మాత్రం స్కూల్ తలుపులు వేసేసుకుంటుంది.

4. పిల్లలతో కలిసి నిర్ణయించుకోండి

నోట్‌బుక్ ముందు పెట్టుకుని అడగండి: "ఏం జరిగితే నీకు బాగుంటుంది?" ఈ జవాబు తరచూ మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. మనం క్షమాపణ కావాలనుకుంటాం, వాళ్లకేమో ఆ పేరుతో పిలవకపోతే చాలు. మనం సెక్షన్ మార్పించాలనుకుంటాం, వాళ్లకేమో స్నేహితులున్నది ఆ సెక్షన్‌లోనే. మార్కులు తగ్గిస్తారన్న భయం ఉంటే అది ఉత్తి భయమని కొట్టేయకండి. దానికీ ఒక ఏర్పాటు అడగవచ్చు, కింద చెప్తాను.

హైస్కూల్ పిల్లలు కొందరు తామే మాట్లాడతామంటారు. టీచర్ మరీ పగబట్టే రకం కాకపోతే ఒకసారి ప్రయత్నించనివ్వండి. క్లాసులో అందరి ముందు వద్దు. క్లాసయ్యాక, తలుపు తెరిచి ఉన్న స్టాఫ్‌రూమ్‌లో, ఒక స్నేహితుణ్ని తోడు తీసుకెళ్లి మాట్లాడాలి. మాటలు ముందే ఇంట్లో అనుకుని వెళ్లాలి: "సార్, నా తప్పు చెప్పండి, దిద్దుకుంటాను. అందరి ముందు ఆ పేరుతో పిలవొద్దు, చదువు మీద ధ్యాస ఉండట్లేదు." అంతకు మించి వాదన అక్కర్లేదు. టీచర్ ఏమన్నా "సరే సార్" అని వచ్చేసి, జవాబు నోట్‌బుక్‌లో రాయాలి.

5. టీచర్‌తో మాట్లాడటం

కొట్టడం, లైంగిక వేధింపు, కులమతాల దూషణ లాంటివి ఉంటే ఈ మెట్టు వదిలేసి నేరుగా ఆరోదానికి వెళ్లండి. మిగతా సందర్భాల్లో మొదట టీచర్‌తోనే మాట్లాడటం మంచిదని నా ఉద్దేశం. కొందరికి తాము చేస్తున్నది పిల్లల మీద ఎలా పడుతోందో నిజంగానే తెలియదు. తాము చదువుకునేటప్పుడు తమను అలాగే చేశారు కాబట్టి చదువు చెప్పడమంటే అదే అనుకుంటారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసే 116 మంది టీచర్లను, పేరు రాయనక్కర్లేని ప్రశ్నపత్రంతో, వేధింపుల గురించి అడిగారు. చిన్నప్పుడు వేధింపులకు గురైన టీచర్లే విద్యార్థుల్ని వేధించే అవకాశం ఎక్కువని అందులో తేలింది. అదే టీచర్లు విద్యార్థుల చేతిలో వేధింపులకు గురయ్యే అవకాశమూ ఎక్కువట. ఇది తెలిస్తే ఆ మనిషితో మాట్లాడేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. పిల్లల మీద చేస్తున్నది ఆగాలన్న పట్టు తగ్గనక్కర్లేదు.

గేటు దగ్గర, నలుగురిలో, ఫోన్‌లో కోపంగా వద్దు. టైమ్ అడిగి వెళ్లండి. వీలైతే ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకోవచ్చు. "మీరు మా అమ్మాయిని వేధిస్తున్నారు" అని మొదలుపెడితే ఆ క్షణమే సంభాషణ ముగిసినట్టు. చూసింది చెప్పండి: "టీచర్ గారూ, నెల రోజులుగా మీ పీరియడ్ ఉన్న రోజున మా అమ్మాయి అన్నం తినడం లేదు. నేలమీద కూర్చోబెట్టినప్పటి నుంచీ అని చెప్తోంది. మీరేం గమనించారు?" ఆ తర్వాత నిజంగా వినండి. "మీ అమ్మాయి అస్సలు వినదండీ, పక్కవాళ్లతో కబుర్లు" అని ఆయన అంటే అది నిజమే కావచ్చు. రెండిటినీ కలపనివ్వకండి. "కబుర్ల సంగతి నేను చూసుకుంటాను, ఇవాళ్టి నుంచి. నేలమీద కూర్చోబెట్టడం, మొహం గురించి మాట్లాడటం మాత్రం ఆపండి." అడిగేవి రెండే ఉండాలి, ఆగిందో లేదో తేల్చగలిగేవి ఉండాలి. "ప్రేమగా చూడండి" అంటే ఎవరైనా సరేనంటారు, ఎవరూ కొలవలేరు.

ఇంటికొచ్చాక ఆ రోజే ఒక మెసేజ్ పెట్టండి: "ఈ రోజు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఇకపై అమ్మాయిని తన సీట్లోనే కూర్చోబెడతామని, రూపం గురించి వ్యాఖ్యలు ఉండవని మీరు చెప్పారు. క్లాసులో కబుర్లు తగ్గించే పని మేం చూసుకుంటాం." చూడ్డానికి మర్యాదే. రేపు అవసరమైతే అదే రికార్డు. రెండు వారాలు చూడండి.

6. హెడ్‌మాస్టర్‌కి కాగితం

మాట్లాడినా ఆగకపోతే, లేదా మాట్లాడాక ఇంకా పెరిగితే, రాతలో ఇవ్వాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు గది దాటగానే లేనట్టే లెక్క. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల గారికి,

మా అమ్మాయి (పేరు, తరగతి, సెక్షన్) పట్ల సైన్స్ ఉపాధ్యాయుల ప్రవర్తన గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ కింది ఘటనలు జరిగినట్టు అమ్మాయి చెప్పింది. (తేదీ, పీరియడ్, జరిగింది: ఒక్కోటి రెండు వరుసల్లో.) ఫలానా తేదీన ఉపాధ్యాయులతో మాట్లాడాం. ఆ తర్వాత కూడా ఈ రెండు ఘటనలు జరిగాయి.

దీనివల్ల అమ్మాయి నిద్ర, తిండి, హాజరు దెబ్బతిన్నాయి. డాక్టర్ చీటీ జతచేస్తున్నాను.

మేం కోరేది: ఈ విషయంపై విచారణ జరపాలి. విచారణ పూర్తయ్యేవరకు అమ్మాయిని నేలమీద కూర్చోబెట్టడం, వ్యక్తిగత వ్యాఖ్యలు ఆగాలి. ఈ ఫిర్యాదు వల్ల అమ్మాయికి గానీ సాక్షులకు గానీ ఇబ్బంది రాకూడదు. ఆమె జవాబు పత్రాలను మరో ఉపాధ్యాయులు కూడా చూడాలి. ఇబ్బంది కలిగినప్పుడు వెళ్లి చెప్పుకోవడానికి ఒక టీచర్‌ని కేటాయించాలి. పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వేయకపోతే ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపండి. ఈ పద్ధతి మనుషుల మీద నమ్మకం లేనట్టు కనిపిస్తుందని కొందరు మొహమాటపడతారు. మొహమాటం వద్దు. మంచి హెడ్‌మాస్టర్‌కి కాగితమే ఆయుధం. నోటిమాట మీద ఆయన ఎవరి మీదా చర్య తీసుకోలేడు.

ఇక జవాబులు. దాదాపు అన్ని చోట్లా అవే నాలుగు వినిపిస్తాయి కాబట్టి సిద్ధపడి వెళ్లండి.

"ఆయన చాలా సీనియర్ అండీ, రిజల్ట్స్ బాగా తెస్తారు." అయితే సంతోషమే, ఆయన బోధన మీద మాకు ఫిర్యాదు లేదు, ఉత్తరంలో రాసిన ఈ అయిదు ఘటనల మీదే, అనండి. సంభాషణ ఎటు పోయినా ఆ అయిదు ఘటనల దగ్గరికి లాక్కురండి.

"ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చేయలేదు." ఇదే మొదటిదిగా నమోదు చేయమనండి. ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు సంతకం పెట్టినా పెట్టకపోయినా వాళ్ల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకండి.

"మీ అమ్మాయి మరీ సెన్సిటివ్." అలాగే అనుకుందాం. సున్నితమైన పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టవచ్చని ఏ నియమంలో ఉందో చూపించమనండి. ఈ మాట నవ్వుతూ అనండి, గొంతు పెంచకండి.

"ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి." ఇది బెదిరింపు. "ఆ మాట రాసి ఇవ్వండి" అనడం తప్ప అక్కడ ఇంకేమీ అనకండి. ఎవరూ రాసివ్వరు. ఇంటికొచ్చి, ఏ తేదీన ఎవరి ముందు ఆ మాటన్నారో మీరే ఈమెయిల్‌లో రాసి వాళ్లకే పంపండి.

టీచర్‌ని, పిల్లని ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇప్పుడు చెప్పమ్మా, సార్ ఏమన్నారు?" అని అడుగుతామంటే ఒప్పుకోకండి. అలా అడిగితే పెద్దవాళ్లమే నోరు మెదపం. అమ్మానాన్నల్లో ఒకరు పక్కన ఉండగా, టీచర్ లేకుండా అడగమనండి.

7. స్కూల్ కదలకపోతే

స్కూల్ పైన ఎవరో ఒకరుంటారు: యాజమాన్యం, జిల్లా విద్యాశాఖ, పిల్లల హక్కుల కమిషన్. అదే ఉత్తరం, అందినట్టున్న సంతకం, నోట్‌బుక్ కాపీ జతచేసి పంపండి. ఏ తలుపు తట్టినా కొత్తగా కథ మొదలుపెట్టకుండా అవే కాగితాలు చూపించండి.

చట్టం మీ వైపు ఎంత ఉందో మీరున్న దేశాన్ని బట్టి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం శారీరక హింసనే కాక మానసిక హింసనూ పేర్కొంది. స్కూల్ క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టుండాలని 28వ అధికరణం చెప్తుంది. తమ గురించిన నిర్ణయాల్లో పిల్లల మాట వినాలని చెప్పేది 12వది. ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 2006లో ఇంకాస్త విడమరిచింది: చెయ్యి వేయకుండా కించపరచడం, అవమానించడం, బెదిరించడం, ఎగతాళి చేయడం, ఒకరినే బలిపశువుని చేయడం కూడా క్రూరమైన శిక్షలేనని రాసింది. "కొట్టలేదు కదండీ" అనే వాళ్లకు చూపించాల్సిన వాక్యం అది.

దేశాల చట్టాలు ఒకలా లేవు. స్వీడన్ 1979లోనే ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. భారత్‌లో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధిస్తుంది, ఉల్లంఘిస్తే సర్వీస్ నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య ఉంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. అమెరికాలో స్కూళ్లలో కొట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1977లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ దానికి అనుమతి ఉంది. కాబట్టి బంధువుల సలహా విని ఉత్తరంలో సెక్షన్లు రాసేయకండి, మీ చోట ఏది వర్తిస్తుందో కనుక్కున్నాకే రాయండి.

8. ఈలోగా ఇంట్లో

ఫిర్యాదులు వారాలు నడుస్తాయి. పిల్లలకు రోజూ బడే. రోజూ రాగానే "ఇవాళ ఏమన్నాడు?" అని అడిగితే ఇల్లు కూడా స్కూలైపోతుంది. నోట్‌బుక్‌కి రోజూ పది నిమిషాలు కేటాయించి, మిగతా సాయంత్రమంతా ఆ టీచర్ పేరెత్తకండి. వాళ్ల ముందు ఆయన్ని తిట్టకండి. మీరు తిట్టిన మాట ఎలాగోలా క్లాసుకి చేరుతుంది.

ఆ సబ్జెక్ట్‌ని కాపాడండి. టీచర్ మీద కోపం పుస్తకం మీదకు వెళ్లడం అందరికీ తెలిసిన గొడవే, చాలామంది జీవితాంతం లెక్కలంటే భయపడేది ఇందుకే. అక్కయ్యో బాబాయో పక్కింటి డిగ్రీ అబ్బాయో వారానికి రెండుసార్లు వేరే గొంతుతో ఆ పాఠం చెప్తే చాలు. స్కూల్లో కూడా మంచిగా ఉండే పెద్దవాళ్లు ఒకరుంటారు, లైబ్రేరియనో పీఈటీ సారో. ఆ మనిషితో మీరు ఒక మాట చెప్పి ఉంచండి.

ఫిర్యాదు తర్వాతి వారాలు జాగ్రత్త. కక్ష ఎప్పుడూ గట్టిగా రాదు. "మీ నాన్నని పిలిపించుకో, నాకేం పని" అనే దెప్పు, దిద్దని నోట్సు, అడగని ప్రశ్న. ఇవన్నీ తేదీలతో ఎక్కించి రెండో ఉత్తరం రాయండి. అన్నీ చేసినా ఆగకపోతే స్కూల్ మార్చడం ఓటమేమీ కాదు. గెలవాలన్న పట్టుదల మీదైతే, దాని కోసం ఇంకో ఏడాది ఆ క్లాసులో కూర్చునేది మీరు కాదని గుర్తుంచుకోండి. మారేటప్పుడు "నీ వల్ల ఇంత ఖర్చు" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

ఇది చదువుతున్నది నువ్వే అయితే

అమ్మానాన్నలకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదేమో. లేదా చెప్తే "నువ్వేదో చేసుంటావ్" అన్నారేమో. నువ్వు హోంవర్క్ ఎగ్గొట్టినా, క్లాసులో మాట్లాడినా, మార్కులు తక్కువొచ్చినా, దానికి నిన్ను అవమానించే హక్కు ఎవరికీ రాదు. తప్పుకి ఒక శిక్ష ఉంటుంది, అది అయిపోతుంది. అయిపోకుండా రోజూ సాగేది నీ తప్పు వల్ల వచ్చింది కాదు.

క్లాసులో ఎదురు తిరగకు. నీ మాట ఎంత సరైనదైనా, గొంతు పెంచావంటే చర్చంతా నీ గొంతు మీదే జరుగుతుంది. ఆ పీరియడ్‌లో చూపు పుస్తకం మీద ఉంచి, ఊపిరి నెమ్మదిగా తీసుకుని, బెల్ కొట్టేదాకా గడుపు. ఇంటికొచ్చాక ఏం జరిగిందో నోట్‌బుక్ వెనక పేజీలో తేదీ వేసి రాయి. అన్న మాట అన్నట్టే. ఆ నోట్‌బుక్ స్కూల్‌కి తీసుకెళ్లకు.

తర్వాత ఒక పెద్దవాళ్లను ఎంచుకో. అమ్మ కాకపోతే అమ్మమ్మ, పిన్ని, మేనమామ, వేరే టీచర్, స్నేహితుడి వాళ్లమ్మ. మొదటివాళ్లు నమ్మకపోతే రెండోవాళ్లకు చెప్పు, ఆ తర్వాత మూడోవాళ్లకు. పిల్లల హెల్ప్‌లైన్‌కి (భారత్‌లో 1098) నువ్వే ఫోన్ చేయవచ్చు, పెద్దవాళ్ల అనుమతి అక్కర్లేదు. ఎదురుగా నిలబడితే ఏడుపొచ్చి మాట రాదనిపిస్తే, ఆ వెనక పేజీ తెరిచి వాళ్ల చేతిలో పెట్టు, చదవనివ్వు.